పదాల పొరుగు – పదాల చుట్టరికం

నిఘంటువు తెరవగానే కనిపించేది అక్షరక్రమం. నేటి విద్యార్థికి అది ఎంత సహజంగా తోస్తుందంటే, పదాలను మరొక విధంగా అమర్చవచ్చునన్న ఆలోచనే కలుగదు. కాని పూర్వులు పదాలను ఈ విధంగా అమర్చలేదు. అమరసింహుని అమరకోశంలో పదాలు వర్గాలుగా ఉంటాయి. దేవతల పేర్లు ఒకచోట, చెట్లూ మూలికలూ మరొకచోట, జంతువులు ఇంకొకచోట. తెలుగులో పైడిపాటి లక్ష్మణకవి రచించిన ఆంధ్రనామసంగ్రహం కూడా దేవవర్గు, మానవవర్గు, స్థావరవర్గు, తిర్యగ్వర్గు అంటూ ఆ బాటలోనే నడిచింది. ఆ గ్రంథాలలో పక్కపక్కన నిలిచిన పదాలు అర్థంచేత బంధువులు. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం 1885లో వెలువడింది. అందులో పదాలు అకారాది క్రమంలో ఉంటాయి. ఈ పద్ధతి వల్ల పదాన్ని వెదకడం సులువైంది. అయితే దానితోపాటు ఒక కొత్త పొరుగు కూడా ఏర్పడింది. ఏ సంబంధమూ లేని పదాలు మొదటి రెండు మూడు అక్షరాలు కలిసినందువల్ల ఒకే పుటలో కాపురం పెట్టాయి.

అక్షరక్రమం ఇంటి నంబరు వంటిది. అది వంశవృక్షం కాదు. ఈ భేదం తెలియకపోతే ఆంగ్ల పదాలను పట్టికలుగా వల్లెవేసే విద్యార్థికి చిక్కులు తప్పవు. ఒక్కొక్కసారి మొదటి అక్షరాల పోలిక నిజంగానే దారి చూపుతుంది. టెలిఫోన్, టెలిగ్రామ్, టెలివిజన్ అనే మూడింటిలోనూ ఉన్న 'టెలి' గ్రీకు భాషలో దూరమనే అర్థమిచ్చే పదం. దూరవాణి, దూరదర్శన్ అనే మాటలు దానికి అనువాదాలే. ఒకసారి ఫలించిన ఈ సూత్రాన్ని ప్రతిచోటా ప్రయోగించబోతే మాత్రం మోసపోక తప్పదు. ఆ మోసం ఎంతటిదో, దాని నుంచి బయటపడే మార్గమేదో తెలుసుకోవడానికి ఆంగ్ల నిఘంటువులో ఒక్క పుట చాలు. సి, ఎ, ఎన్ అనే మూడు అక్షరాలతో మొదలయ్యే పుట అది.

ఆ పుటనే ఎంచుకోవడానికి కారణముంది. అందులో 'కేన్' ఉంది. చెరకు గడకు ఆంగ్లంలో వాడే మాట అదే. 'క్యాండీ' కూడా అక్కడే ఉంది. తీపి మిఠాయికి వాడే మాట అది. రెండూ అనకాపల్లి పరిసరాలకు అత్యంత పరిచితమైన వస్తువులు. శారదానది పరీవాహకంలో చెరకు పండుతుంది. ఇక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రం 1913 నాటిది. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో అనకాపల్లి మార్కెట్ ఒకటి. చెరకు నుంచే బెల్లం, పంచదార, మిఠాయి వస్తాయి గనుక 'కేన్' నుంచే 'క్యాండీ' పుట్టిందని ఎవరైనా అనుకుంటే వారిని తప్పుపట్టలేం. అక్షరాలు కలిశాయి, అర్థం కలిసింది, వస్తువు కూడా కలిసింది. అయినా ఆ ఊహ తప్పు.

ముందుగా 'కేన్' సంగతి. లాటిన్‌లో 'కన్న', గ్రీకులో 'కన్న' అంటే రెల్లు, వెదురు వంటి బోలు గడ. గ్రీకులకు ఈ మాట పశ్చిమాసియాలోని సెమిటిక్ భాషల నుంచి వచ్చింది. అక్కాడియన్ భాషలో 'కను' అన్నా, హీబ్రూలో 'కానె' అన్నా రెల్లే. నదీతీరాలలో బుట్టలకూ కప్పులకూ కొలకర్రలకూ అన్నింటికీ రెల్లునే వాడుకొన్న ప్రజల మాట అది. కనుక దాని సంతానం విస్తారమైనది. బోలుగా ఉండడం రెల్లు లక్షణం. అందువల్ల నీటి గొట్టానికీ తూముకూ లాటిన్‌లో 'కనాలిస్' అన్నారు. ఆంగ్లంలోని 'కెనాల్' అదే. ఇటాలియన్ భాషలో పెద్ద గొట్టాన్ని 'కన్నోనె' అన్నారు. రెండు 'ఎన్'లతో రాసే 'క్యానన్', అనగా ఫిరంగి, దాని రూపాంతరం. రోగి చేతికి సెలైన్ ఎక్కించడానికి అమర్చే 'క్యాన్యులా' అంటే చిన్న రెల్లు అనే అర్థం. రెల్లుతో అల్లిన బుట్ట గ్రీకులో 'కనస్ట్రాన్'. నేటి 'క్యానిస్టర్' దాని వారసురాలు. రెల్లుకు ఉన్న మరొక లక్షణం నిటారుతనం. గ్రీకులు తిన్నని కొలకర్రను 'కనోన్' అన్నారు. కొలకర్ర క్రమంగా కొలమానమైంది, కొలమానం నియమమైంది. మతశాసనాలకూ, ప్రామాణిక గ్రంథాల సముదాయానికీ ఒకే 'ఎన్'తో రాసే 'క్యానన్' అనే పేరు అలా ఏర్పడింది. ఫిరంగీ, ధర్మశాసనమూ ఒకే రెల్లుపొద నుంచి పుట్టడం విచిత్రమే. (మన 'ఫిరంగి' కథ మరొకటి. ఫ్రాంకుల పేరు మీద ఐరోపావారందరినీ పారశీకులు ఫరంగీలన్నారు. వారు తెచ్చిన ఆయుధానికి తెలుగువారు వారి పేరే పెట్టారు.)

ఇక్కడ ఒక ప్రశ్న తలెత్తుతుంది. కెనాల్‌కూ మన కాలువకూ సంబంధముందా? క, ల అనే ధ్వనులు రెండింటిలోనూ ఉన్నాయి, అర్థమూ ఒకటే. ఏలేరు జలాలను విశాఖ ఉక్కు కర్మాగారానికి తీసుకుపోయే ప్రవాహాన్ని కెనాలన్నా కాలువన్నా గ్రామీణులకు తేడా లేదు. కాని తెలుగు కాలువ ద్రావిడ భాషలలోని 'కాల్' అనే మూలానికి చెందినది. తమిళంలో 'కాల్వాయ్' దానికి తోబుట్టువు. రెల్లుతో దానికి ఏ ప్రసక్తీ లేదు. ఒకటి గొట్టం నుంచి వచ్చింది, మరొకటి నీటిపాయ నుంచి వచ్చింది. గమ్యం ఒకటైనంత మాత్రాన బయలుదేరిన ఊరు ఒకటి కానక్కరలేదు.

ఇక 'క్యాండీ'. దీని పుట్టిల్లు భారతదేశం. సంస్కృతంలో ఖండమంటే ముక్క. ముక్కలుగా గట్టిపడిన చక్కెరకు కూడా ఖండమనే పేరు. తెలుగు ఇళ్ళలో పటికబెల్లానికి మరొక పేరైన కలకండలో ఉన్నది ఆ ఖండమే. ఖండం పారశీకంలో 'కంద్' అయింది. దాని నుంచి అరబ్బీలో చక్కెరతో చేసినదనే అర్థంలో 'కందీ' అనే విశేషణం ఏర్పడింది. ఫ్రెంచివారు దానిని స్వీకరించి 'సుక్ర్ కాందీ' అన్నారు. ఆంగ్లంలో మొదట 'షుగర్ క్యాండీ' అని రెండు మాటలుగా ఉండి, కాలక్రమంలో మొదటిది రాలిపోయి 'క్యాండీ' మిగిలింది. ఖండశబ్దానికే ద్రావిడ మూలం ఉండవచ్చునని తలచే పండితులూ ఉన్నారు. ఏ విధంగా చూసినా పశ్చిమాసియా రెల్లుకు పుట్టిన 'కేన్'కూ, మన ముక్కచక్కెరకు పుట్టిన 'క్యాండీ'కీ రక్తసంబంధం లేదు. అవి రెండు దిక్కుల నుంచి వచ్చి ఒకే వీధిలో ఇళ్ళు కట్టుకొన్నాయి.

క్యాండీ కథ ఇంతటితో తీరలేదు. హెన్రీ యూల్, బర్నెల్ అనే ఇద్దరు ఆంగ్లేయులు భారతదేశంలోని ఆంగ్లేయుల నోట నలిగిన దేశీయ పదాలను సేకరించి 1886లో 'హాబ్సన్ జాబ్సన్' అనే నిఘంటువును ప్రచురించారు. అందులో ఒకే అక్షరాలతో మూడు క్యాండీలు వరుసగా కనిపిస్తాయి. ఒకటి పైన చెప్పిన మిఠాయి. రెండవది సింహళంలోని కాండీ నగరం. సింహళ భాషలో 'కంద' అంటే కొండ, ఆ నగరం కొండల నడుమ ఉన్నందువల్ల దానికా పేరు వచ్చింది. మూడవది దక్షిణదేశంలో వర్తకులు వాడిన ఒక తూనిక. మద్రాసు లెక్కలో ఇరవై మణుగులు ఒక క్యాండీ. అంటే 500 పౌన్లు, నేటి లెక్కలో సుమారు 227 కిలోలు. తెలుగువారు ఈ తూనికనే బారువ అన్నారు. తూనికకు ఆంగ్లేయులు పెట్టిన పేరు మరాఠీ 'ఖండీ', తమిళ 'కండి' అనే రూపాల నుంచి వచ్చినది. కనుక బెల్లాన్ని క్యాండీల లెక్కన కొన్న దొరకు, క్యాండీ అనే మాట మిఠాయి తూకమని తోచినా ఆశ్చర్యపడనక్కరలేదు. ఇందులో చిన్న మెలిక కూడా ఉంది. తూనిక పేరును కూడా విభజించడమనే అర్థంగల ఖండధాతువుకే ముడిపెట్టారు. అదే నిజమైతే మూడింటిలో రెండు చుట్టాలు, ఒకటి పరాయిది. అక్షరాలను ఎంత తేరిపార చూసినా ఈ సంగతి బయటపడదు.

మొదటి అక్షరాలు కలిసినా బంధుత్వం లేని పదాలను చూసినట్లే, మొదటి అక్షరాలు కలవకపోయినా తోబుట్టువులైన పదాలను కూడా చూడాలి. అందుకు అనకాపల్లి బెల్లమే తగిన ఉదాహరణ. ఆంగ్లంలో పంచదారను 'షుగర్' అంటారు, బెల్లాన్ని 'జాగరీ' అంటారు. ఒకటి 'ఎస్'తో, మరొకటి 'జె'తో మొదలవుతుంది. నిఘంటువులో రెండింటి నడుమ వందల పుటల దూరం. కాని రెండూ ఒకే తల్లి బిడ్డలు. ఆ తల్లి సంస్కృత 'శర్కర'.

శర్కర అంటే మొదట చక్కెర కాదు. గులకరాయి, ముతక ఇసుక అని దాని అర్థం. చెరకు రసాన్ని కాచి ఆరబెడితే ఏర్పడిన పలుకులు ఇసుకను పోలి ఉండడంవల్ల ఆ పేరు తీపికి సంక్రమించింది. ప్రాకృతంలో శర్కర 'సక్కర' అయింది. తెలుగులో 'చక్కెర' అయింది. అలెగ్జాండరు దండయాత్రలో సేనాపతిగా వచ్చిన నియార్కస్, ఈ దేశంలో తేనెటీగల ప్రమేయం లేకుండానే తేనెనిచ్చే రెల్లు ఉన్నదని విస్మయంతో చెప్పినట్లు గ్రీకు రచయిత స్ట్రాబో నమోదు చేశాడు. ఆనాటి గ్రీకులకు వస్తువే కొత్త. దానికి వారి భాషలో పేరు లేదు. తరువాత వస్తువుతోపాటు పేరు కూడా ప్రయాణించింది. గ్రీకులో 'సక్ఖరాన్', లాటిన్‌లో 'సక్కరమ్' అయింది. 1753లో లిన్నేయస్ చెరకుకు పెట్టిన శాస్త్రీయ నామంలో మొదటి భాగమైన 'సక్కరమ్' అదే. 1879లో కనుగొన్న కృత్రిమ తీపి పదార్థం 'శాకరిన్' పేరు కూడా అక్కడిదే. ఇది ఒక దారి. మరొక దారిలో శర్కర పారశీకంలో 'షకర్', అరబ్బీలో 'సుక్కర్' అయి, అరబ్బుల వెంట మధ్యధరా తీరానికి చేరి, ఫ్రెంచిలో 'సుక్ర్' అయి, ఆంగ్లంలో 'షుగర్' అయింది.

జాగరీ ఈ రెండు దారులలోనూ నడవలేదు. అది సముద్రం మీద నేరుగా వెళ్ళింది. 1498లో వాస్కోడగామా కోళికోడు చేరిన తరువాత పశ్చిమతీరంలో స్థిరపడిన పోర్చుగీసు వర్తకులు అక్కడి ప్రజల నోట విన్న 'చక్కర' అనే మాటను తమ భాషలో 'జాగర' అన్నారు. పదహారవ శతాబ్ది చివర దానిని ఆంగ్లేయులు అందుకొన్నారు. కాబట్టి ఒకే పదం ఎడారి బాటన వెళ్ళి తెల్లని పంచదారకు పేరైంది. ఓడ ఎక్కి వెళ్ళి బెల్లానికి పేరైంది. ఇందులో మరొక చమత్కారముంది. ప్రపంచమంతటికీ తీపికి పేరునిచ్చిన శర్కర అనే పదం, తెలుగువారి నోట నేడు 'షుగర్' అనే ఆంగ్ల రూపంలో వ్యాధికి పేరుగా తిరిగి వచ్చింది. ఫలానా ఆయనకు షుగరుందని అంటే ఆయన ఇంట్లో చక్కెర డబ్బా ఉన్నదని ఎవరూ అనుకోరు.

సి, ఎ, ఎన్ పుటకు తిరిగి వస్తే అక్కడ 'క్యాండీ' పక్కనే 'క్యాండిల్' కనిపిస్తుంది. అది కొవ్వొత్తి. దానికి దగ్గరలోనే 'క్యాండిడ్', 'క్యాండిడేట్' ఉన్నాయి. ఈ మూడింటికీ మాత్రం నిజమైన చుట్టరికముంది. లాటిన్‌లో 'కండేరె' అంటే ప్రకాశించడం. వెలిగేది క్యాండిల్. తెల్లగా, నిర్మలంగా ఉన్నది 'కండిడుస్'. మనస్సులో ఏదీ దాచకుండా మాట్లాడే గుణాన్ని తెలిపే 'క్యాండిడ్' దాని నుంచి వచ్చింది. ప్రాచీన రోమునగరంలో పదవికి పోటీచేసేవాడు తన పై ఉత్తరీయాన్ని సుద్దతో తెల్లగా మెరిసేటట్లు చేయించుకొని ప్రజల ముందుకు వెళ్ళేవాడు. అందువల్ల అతనిని తెల్లవస్త్రధారి అనే అర్థంలో 'కండిడాతుస్' అన్నారు. పరీక్షకు వెళ్ళే విద్యార్థి హాల్‌టికెట్టు మీద ముద్రించి ఉండే 'క్యాండిడేట్' అనే మాటకు మూలమిదే. రెండువేల ఏళ్ళ తరువాత వేరొక ఖండంలో కూడా ఎన్నికలకు తెల్లబట్టలే ఆనవాయితీ కావడం యాదృచ్ఛికమే కావచ్చు.

ఈ కుటుంబంలో సంస్కృతానికి కూడా భాగముంది. కండేరె అనే లాటిన్ క్రియకూ, చంద్రశబ్దానికీ మూలం ఒకటేనని భాషాశాస్త్రజ్ఞులు నిర్ధారించారు. చంద్రుడంటే వెలిగేవాడు. ఇది అరువు కాదు. చంద్రశబ్దాన్ని రోమునకు ఎవరూ మోసుకుపోలేదు. లాటినూ సంస్కృతమూ ఒకే పూర్వభాష నుంచి చీలిపోయినప్పుడు రెండూ ఈ ఆస్తిని పంచుకొన్నాయి. ఖండం నుంచి క్యాండీ రావడం వ్యాపారం. చంద్రుడూ క్యాండిలూ ఒకటి కావడం వారసత్వం. పదాల సంబంధాలలో ఈ రెండింటినీ కలగలిపి చూడరాదు.

అదే పుటలో భయం పుట్టించే మాట ఒకటుంది. 'క్యాన్సర్' అంటే లాటిన్‌లో పీత. వ్రణం చుట్టూ ఉబ్బిన రక్తనాళాలు పీతకాళ్ళను తలపించడంవల్ల ప్రాచీన గ్రీకు వైద్యులు దానికి తమ భాషలోని పీత పేరు పెట్టారు. లాటిన్‌వారు దానిని అనువదించుకొన్నారు. పంచాంగంలోని కర్కాటకరాశి, ఆంగ్లంలోని 'క్యాన్సర్' రాశి ఒకటే. కర్కటశబ్దమూ ఆ లాటిన్ పదమూ కూడా జ్ఞాతులే. దీనికి కొద్ది దూరంలో ఉన్న 'క్యాన్సిల్' మాత్రం పీతకు చెందదు. లాటిన్‌లో 'కన్సెల్లీ' అంటే కటకటాలు, అడ్డగళ్ళు. వ్రాతను రద్దుచేయడానికి దాని మీద అడ్డంగా నిలువుగా గీతలు గీస్తే కటకటాల ఆకారం వస్తుంది. న్యాయస్థానంలో ఆ కటకటాల దగ్గర నిలిచి పనిచేసిన ఉద్యోగి 'కన్సెల్లారియుస్'. ఫ్రెంచివారి నోట మొదటి ధ్వని మారి అది 'ఛాన్సలర్' అయింది. నేడు విశ్వవిద్యాలయ స్నాతకోత్సవంలో అగ్రాసనమలంకరించే పదవి పేరుకు మూలం ఒక ద్వారపాలకుని చోటు.

మిగిలినవాటిని క్లుప్తంగా చెప్పుకోవచ్చు. గుడారాలకూ చిత్రలేఖనానికీ వాడే 'క్యాన్వాస్' జనుమువంటి నారనిచ్చే గంజాయి జాతి మొక్క పేరు నుంచి వచ్చింది. 'కెనరీ' అనే పాడే పిట్టకు ఆ పేరు కెనరీ ద్వీపాల నుంచి వచ్చింది. ఆ ద్వీపాలకు మాత్రం లాటిన్‌లో కుక్క అనే అర్థమున్న 'కనిస్' శబ్దం నుంచి వచ్చింది. పాడే పక్షి పేరులో మొరిగే జంతువు దాగి ఉండడం అక్షరక్రమం చేసిన వింత కాదు, చరిత్ర చేసిన వింత. 'కెనూ' అనే చిన్న పడవ పేరు 1492లో కొలంబస్ చేరిన కరీబియన్ దీవుల ప్రజలది. 'కెనడా' ఆ ఖండపు ఉత్తరభాగంలోని ఆదివాసుల భాషలో పల్లె అనే అర్థమున్న మాట.

కాని అన్నింటికంటె చిన్నదైన 'క్యాన్' అనే క్రియ వద్ద కొంతసేపు ఆగాలి. ఆంగ్లం నేర్చుకొనే బాలుడు మొదటి నెలలోనే నేర్చే మాట అది. చేయగలగడమని దాని అర్థం. ప్రాచీన ఆంగ్లంలో దీని మూలరూపమైన 'కున్నన్'కు తెలియడమని అర్థం. తెలిసినవాడే చేయగలడు గనుక తెలివి సామర్థ్యంగా మారింది. తెలుగులో కూడా ఇటువంటి పద్ధతే ఉన్నది. ఈత వచ్చు, లెక్క వచ్చు అన్నప్పుడు తెలియడమూ చేయగలగడమూ ఒకే క్రియలో ఇమిడి ఉన్నాయి. ఆంగ్లంలో 'నో' అనే మరొక క్రియ ఉంది; తెలుసుకోవడమని అర్థం. పలికేటప్పుడు వినిపించని 'కె' అక్షరం దాని ముందు ఎందుకుందో తెలియక విద్యార్థులు విసుక్కుంటారు. ఒకప్పుడు ఆ కకారాన్ని పలికేవారు. క, న అనే ఆ రెండు ధ్వనులే 'క్యాన్'లోనూ ఉన్నాయి. లాటిన్, గ్రీకు భాషలలో ఆ కకారం స్థానంలో గకారముంటుంది. సంస్కృతంలో అది 'జ్ఞా' ధాతువు. జ్ఞానం, క్యాన్, నో అనే మూడు మాటలూ ఒకే ఇంటివి. మొదటి అక్షరం ఏ రెండింటికీ ఒకటి కాదు.

ఇటువంటి సంబంధాలను ఊహతో కాక సాక్ష్యంతో నిరూపించే శాస్త్రం ఎలా ఏర్పడిందన్న విషయంలో తెలుగుకు గణనీయమైన స్థానముంది. 1786లో సర్ విలియం జోన్స్ కలకత్తాలో చేసిన ప్రసంగంలో సంస్కృత, గ్రీకు, లాటిన్ భాషలకు ఉమ్మడి మూలముండాలని ప్రతిపాదించాడు. ఆనాడు దక్షిణభాషలన్నీ సంస్కృతం నుంచే పుట్టాయని పలువురు పాశ్చాత్యులు భావించేవారు. మద్రాసులో ఉద్యోగిగా ఉన్న ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ అందుకు అంగీకరించలేదు. 1816లో వెలువడిన క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో ఆయన సంస్కృత ధాతువులనూ తెలుగు ధాతువులనూ అక్షరక్రమంలో పక్కపక్కన నిలిపి చూపాడు. ఒకే అక్షరంతో మొదలైనా ఆ రెండు వరుసలకూ పోలిక లేదు. తరువాత తెలుగు, తమిళ, కన్నడ ధాతువులను ఒకచోట చేర్చగా వాటి పోలిక వెల్లడైంది. తెలుగు సంస్కృతానికి పుత్రిక కాదనీ, తమిళ కన్నడాలకు సోదరి అనీ రుజువైన సందర్భమది. నలభై ఏళ్ళ తరువాత 1856లో కాల్డ్వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణాన్ని విపులంగా రచించాడు. ఎల్లిస్ చేసిన పని చిన్న పీఠికలో ఒదిగి ఉండడంవల్ల చాలాకాలం మరుగున పడింది.

ఈ శాస్త్రానికి ప్రాణం నియమం. రెండు పదాలు చుట్టాలని చెప్పాలంటే ధ్వనులు ఒకేలా ఉండనక్కరలేదు. ఒకే నియమం ప్రకారం మారి ఉండాలి. కన్నడంలో 'కివి' తెలుగులో చెవి. కన్నడంలో 'కెరె' తెలుగులో చెరువు. కన్నడంలో 'కెడు' తెలుగులో చెడు. ఇకార ఎకారాల ముందున్న కకారం తెలుగులో చకారంగా మారుతుంది. మొదటి అక్షరం మారినా బంధుత్వం చెక్కుచెదరలేదు. అనకాపల్లి మార్కెట్టులో వినిపించే బెల్లం కన్నడంలో 'బెల్ల', తమిళంలో 'వెల్లం'. ఇది కూడా అటువంటి నియమబద్ధమైన మార్పే.

నియమం తలుపు తెరవడమే కాదు, మూయడం కూడా చేస్తుంది. తెలుగు చెరకుకు ప్రాచీన రూపం శకటరేఫతో 'చెఱకు'. తమిళంలో చెరకును 'కరుంబు' అంటారు, కన్నడంలో 'కబ్బు' అంటారు. కివి చెవి అయినట్లు కరుంబు చెఱకు అయి ఉండవచ్చునని ఉత్సాహపడేవారుంటారు. కాని కరుంబులో కకారం తరువాత ఉన్నది అకారం. ఆ మార్పు అకారం ముందు జరగదు. కన్ను చన్ను కాలేదు. కల్లు చల్లు కాలేదు. కాబట్టి ఈ నియమాన్ని ఆధారం చేసుకొని చెఱకునూ కరుంబునూ కలపడానికి వీలులేదు. వస్తువు ఒకటే, పొరుగు భాషలే, ఆ పైన ఒకే కుటుంబం. అయినా పదాలు కలవవు.

ఇక్కడ పూర్వుల నిర్వచన పద్ధతి గుర్తుకు వస్తుంది. యాస్కుని నిరుక్తం ఒక్కొక్క పదానికి రెండు మూడు వ్యుత్పత్తులు కూడా చెప్పడానికి సందేహించదు. ఇక్ష్వాకు నామమే అందుకు తగిన ఉదాహరణ. మనువు తుమ్మినప్పుడు పుట్టినవాడు గనుక ఇక్ష్వాకువయ్యాడని విష్ణుపురాణం చెబుతుంది. తుమ్ముకు సంస్కృతంలో క్షుతమని పేరు. జైనసంప్రదాయం మాత్రం ఆ వంశనామాన్ని ఇక్షుశబ్దంతో, అనగా చెరకుతో ముడిపెడుతుంది. క్రీ.శ. మూడు, నాలుగు శతాబ్దాలలో విజయపురి నుంచి ఆంధ్రదేశాన్ని పాలించిన రాజులు కూడా ఇక్ష్వాకులమనే చెప్పుకొన్నారు. తుమ్ము నుంచి వచ్చిన పేరా, చెరకు నుంచి వచ్చిన పేరా అన్న ప్రశ్నకు పూర్వులు ఒకే సమాధానం కావాలని పట్టుబట్టలేదు. వారికి వ్యుత్పత్తి పదాన్ని ధ్యానించే ఒక మార్గం. ఆధునికునికి అది సాక్ష్యం కోరే విచారణ. ఒకదానిని మరొకటిగా భ్రమించినప్పుడే నవ్వులపాలు కావలసివస్తుంది. ప్రపంచంలోని ప్రతి మాటా తమ భాష నుంచే పుట్టిందని వాదించేవారు అన్ని భాషలలోనూ ఉన్నారు. వారి వాదాలలో నూటికి తొంభై మొదటి అక్షరాల పోలిక మీదనే ఆధారపడి ఉంటాయి.

సాక్ష్యం ఎప్పుడూ గ్రంథాలలోనే దొరకాలనే నియమం లేదు. అనకాపల్లికి సమీపంలో శంకరం అనే గ్రామముంది. పేరు వినగానే శివుడు స్ఫురిస్తాడు. ఆ గ్రామం పక్కనున్న బొజ్జన్నకొండ, లింగాలకొండ అనే రెండు కొండలలో 1907–08లో అలెగ్జాండర్ రీ తవ్వకాలు జరిపించగా బౌద్ధ స్తూపాలు, చైత్యాలు, విహారాల శిథిలాలు బయల్పడ్డాయి. రాతిని తొలిచిన చిన్న స్తూపాల వరుసలను లింగాలుగా భావించి ప్రజలు కొండకు ఆ పేరు పెట్టి ఉంటారు. బౌద్ధ భిక్షువుల నివాసానికి సంఘారామమని పేరు. శంకరం ఆ సంఘారామానికి వికృతి అని చరిత్రకారులు చెబుతారు. కొండ మీద విహారం ఉండబట్టి ఆ మాటకు బలం చేకూరింది. అది లేకుంటే, శంకరుని పేరుతో ఉన్న అనేక గ్రామాలలో అదీ ఒకటై ఉండేది.

పదం జాడ తీయాలంటే ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు దానిని వ్రాసి ఉండాలి. జాగరీ కథ నేడు తెలియడానికి కారణం పోర్చుగీసు వర్తకులు తమ సరుకుల వ్రాతలలో ఆ మాటను నమోదు చేయడమే. వారు కవులు కారు. తూకాలూ ధరలూ వ్రాసుకొన్నారు. తెలుగులో వృత్తిపదాలకు అటువంటి లేఖకులు చాలాకాలం దొరకలేదు. కావ్యభాషను సేకరించిన నిఘంటుకారులు రైతు నోటి మాటను పట్టించుకోలేదు. ఆ లోటును తీర్చడానికి ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి జిల్లాల వారీగా రైతుల నోటి నుంచే పదాలను సేకరింపజేసి మాండలిక వృత్తిపదకోశాన్ని సిద్ధం చేశారు. వ్యవసాయ పదాల సంపుటం 1962లోనూ, చేనేత పదాల సంపుటం 1971లోనూ వెలువడ్డాయి.

చెరకు ఆడే గానుగ, రసం కాగే పెనం, పైకి తేలే మడ్డి, ముదిరే పాకం, అచ్చులో గట్టిపడే దిమ్మ. ఇవి అందరికీ తెలిసిన మాటలే. పెనం దగ్గర నిలిచినవాడు పాకం దించవలసిన క్షణాన్ని నురుగును బట్టి, వాసనను బట్టి, నీటిలో వేసిన బొట్టు ఉండకట్టే తీరును బట్టి గుర్తిస్తాడు. ఆ ఒక్కొక్క దశకూ తనకంటూ ఒక మాట వాడుతాడు. యంత్రాలూ మిల్లులూ వచ్చాక గానుగ పెట్టే రైతులు తగ్గుతున్నారు. వారితోపాటు ఆ మాటలు పలికే నోళ్ళు కూడా తగ్గుతున్నాయి. బెల్లం పొయ్యి వెలిగే చలికాలంలో అనకాపల్లి చుట్టుపక్కల గ్రామాలకు వెళ్ళిన విద్యార్థికి అవి ఈనాటికీ వినిపిస్తాయి. వ్రాసుకొనడానికి ఒక నోటుపుస్తకం చాలు.